నర్సమ్మ ఇచ్చే మందుకి సంతకం ఎవరిది?

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్న వల్ల పుట్టింది. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా దగ్గర నర్స్ ప్రాక్టీషనర్‌గా చేస్తున్న మన తెలుగు అక్క ఒకరు అడిగారు. ఆవిడ ఈ మధ్య కొత్త క్లినిక్‌లో చేరారు. అక్కడ మందులు రాయాలంటే ముందు ఒక డాక్టర్‌తో ఒప్పందం రాసుకోవాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ కాగితాన్ని రాష్ట్ర మెడికల్ బోర్డుకి పంపి నమోదు చేయించుకోవాలి. ఆ పని చేసుకుంటుండగా ఆవిడకి ఒక డౌట్ వచ్చింది. మన ఏజెన్సీలో ఏఎన్ఎం అక్కలు ఏళ్ల తరబడి మందులు ఇస్తున్నారు, ఇంజెక్షన్లు చేస్తున్నారు, పురుళ్ళు పోస్తున్నారు కదా, మరి వాళ్ళకీ ఇలాంటి అగ్రిమెంట్ ఏమైనా ఉంటుందా అని.

నాది కొయ్యూరు. నర్సీపట్నం నుంచి మన్యంలోకి వెళ్తుంటే వచ్చే కొయ్యూరు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. మా వైపు కొండ మీద ఊళ్ళలో జ్వరం వస్తే మొదట కనిపించేది డాక్టర్ గారు కాదు, నర్సమ్మే. అందుకని ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను. లేదు. అలాంటి కాగితం మన దగ్గర లేదు. కానీ ఎందుకు లేదు, దాని బదులు ఏముంది, ఆ ఉన్నదానితో ఎవరికి ఇబ్బంది, ఇవి తెలియాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

ముందు ఆ కాగితం సంగతి

అమెరికాలో దీన్ని కలాబరేటివ్ ప్రాక్టీస్ అగ్రిమెంట్ అంటారు. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పేరు. జార్జియాలో అయితే నర్స్ ప్రోటోకాల్ అగ్రిమెంట్. మరీ పెద్ద పుస్తకమేం కాదు. అందులో ప్రధానంగా ఉండేవి ఇవీ. ఈ నర్సు ఎవరు, ఈ డాక్టర్ ఎవరు. నర్సు ఏ రకం రోగుల్ని చూడొచ్చు. ఏ మందులు, ఏ టెస్టులు రాయొచ్చు. ఏ పరిస్థితి వస్తే తను ఆగిపోయి డాక్టర్‌ని పిలవాలి. ఈ డాక్టర్ దొరక్కపోతే ఇంకెవరిని సంప్రదించాలి. నర్సు చూసిన కేసుల రికార్డుల్ని డాక్టర్ ఎన్నాళ్ళకోసారి తిరగేయాలి. ఏడాదికోసారి ఇద్దరూ కూర్చుని ఆ కాగితాన్ని మళ్ళీ చూసుకోవాలి.

నేను ఇంజనీరింగ్ చదివి కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కాబట్టి నా భాషలో చెప్తాను. ఆఫీసులో ప్రతి ఒక్కరికీ సొంత లాగిన్ ఉంటుంది. ఎవరికి ఏ యాక్సెస్ ఉందో రాసి ఉంటుంది. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఎవరు ముట్టుకున్నారో లాగ్‌లో కనిపిస్తుంది. అలా కాకుండా మేనేజర్ తన పాస్‌వర్డ్ చెప్పేసి "నువ్వే చూసుకో" అంటే? పని అయిపోతుంది. కానీ ఏదైనా తేడా వస్తే ఆ కుర్రాడి గతి ఏంటి? అనుమతి ఇచ్చినట్టు ఎక్కడా ఉండదు. చేసినట్టు మాత్రం ఉంటుంది.

అక్కడికి ఎలా వచ్చింది?

1925లో కెంటకీ రాష్ట్రంలో, అపలాచియన్ కొండల్లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు ఒక సంస్థ మొదలుపెట్టారు. తర్వాత దాని పేరు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ అయింది. రోడ్లు లేవు. వాగులు దాటాలి. నర్సులు గుర్రాలెక్కి ఇళ్ళకి వెళ్ళి పురుళ్ళు పోసేవాళ్ళు. మా కొండల గురించి చెప్తున్నట్టే ఉంది కదా? మరి డాక్టర్ పక్కన లేనప్పుడు నర్సు ఏ మందు ఇవ్వాలి? దానికి లెక్సింగ్టన్ నగరంలోని డాక్టర్ల కమిటీ ఒకటి ముందే రాసిచ్చింది. దాన్ని మెడికల్ రొటీన్స్ అనేవాళ్ళు. ఈ లక్షణం ఉంటే ఇది ఇవ్వు, ఇది కనిపిస్తే డాక్టర్‌కి కబురు పెట్టు, అని. డాక్టర్ ఊళ్ళో లేడు, కానీ ఆయన మాట కాగితం రూపంలో నర్సు సంచిలో ఉంది. ఇవాళ్టి అగ్రిమెంట్లకి పూర్వ రూపాల్లో అదొకటి.

నలభై ఏళ్ళ తర్వాత, 1965లో కొలరాడో యూనివర్సిటీలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టర్ కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. పల్లెల్లో, పేద వాడల్లో పిల్లల్ని చూసేవాళ్ళు లేరు, అదీ కారణం. నర్సుకి ఇంకొంచెం ఎక్కువ నేర్పితే మామూలు జబ్బులు తనే చూసేయగలదు అన్నది వాళ్ళ నమ్మకం. ఫోర్డ్ గారు 104 ఏళ్ళు బతికి 2025 జనవరిలో పోయారు.

శిక్షణ అయితే వచ్చింది, చట్టం రాలేదు. రోగ నిర్ధారణ, చికిత్స అనే మాటలు అప్పటికి డాక్టర్ల చట్టంలోనే ఉండేవి. 1971లో ఐడహో రాష్ట్రం మొదటిసారి అవి నర్సు కూడా చేయొచ్చని చట్టంలో రాసింది. తర్వాత ఒక్కో రాష్ట్రం ఒక్కో బేరం కుదుర్చుకుంది. డాక్టర్ల సంఘాలు మా పర్యవేక్షణ ఉండాలన్నాయి, నర్సుల సంఘాలు అక్కర్లేదన్నాయి. మధ్యలో తేలిందే ఈ అగ్రిమెంట్. మన అక్క పనిచేసే జార్జియా అయితే నర్సులకి మందులు రాసే అధికారం ఇచ్చిన ఆఖరి రాష్ట్రం. అది 2006లో.

అంటే అక్కడ కూడా ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు. నలభై ఏళ్ళు కొట్లాడుకున్నారు. ఆ కొట్లాటకి గుర్తుగా ఒక కాగితం మిగిలింది.

ఇప్పుడు కొయ్యూరుకి రండి

సంతకం, రిజిస్టర్ అనగానే మా మన్యం వాళ్ళకి గుర్తొచ్చేది ఒక్కరే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తీసుకెళ్ళిన ఆయుధాల వివరాలు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్ళారని ఆ చరిత్ర చదివిన వాళ్ళందరికీ తెలుసు. నేనే తీసుకున్నాను, ఇదిగో నా పేరు, అని. 1924 మే 7న ఆయన్ని మంప దగ్గర పట్టుకుని కొయ్యూరు తెచ్చి కాల్చి చంపారు. కోర్టు లేదు, విచారణ లేదు, తీర్పు కాగితం లేదు. ఈ రెంటి మధ్య తేడా చూడండి. ఎదిరించినవాడు తన పని కింద పేరు రాసుకున్నాడు. ప్రభుత్వం పేరుతో చంపినవాళ్ళు ఒక్క విచారణ కాగితం కూడా లేకుండా ఆ పని ముగించారు.

సరే, అప్పుడు మన్యంలో వైద్యం ఎలా ఉండేది? మన్యం జ్వరం అంటే మలేరియా. మందు క్వినైన్. బ్రిటిష్ ఇండియాలో క్వినైన్ పొట్లాలు పోస్టాఫీసుల్లో అమ్మేవాళ్ళు. డాక్టర్ చీటీ అక్కర్లేదు, పోస్ట్‌మాస్టర్ ఇచ్చేవాడు. ఎందుకంటే డాక్టర్ ఉంటేగా! అంటే డాక్టర్ లేని చోట వేరేవాళ్ళ చేత మందు ఇప్పించడం మన ప్రభుత్వాలకి కొత్తేం కాదు, వందేళ్ళ అలవాటు.

విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ మొదలైంది 1923లో, అంటే ఈ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే. అదే తర్వాత ఆంధ్ర మెడికల్ కాలేజీ అయింది. ఆ రోజుల్లో దేశంలో రెండు రకాల డాక్టర్లు ఉండేవాళ్ళు. కాలేజీలో డిగ్రీ చదివినవాళ్ళు ఒక రకం. మెడికల్ స్కూల్లో తక్కువ కాలం చదివి లైసెన్స్ తీసుకున్నవాళ్ళు ఇంకో రకం. మన తాతలు ఎల్‌ఎంపీ డాక్టర్ అనేవాళ్ళే, ఆ ఎల్‌ఎంపీ ఇదే. ఇక నర్సుల విషయానికొస్తే, 1926లో మద్రాస్ ప్రెసిడెన్సీ నర్సులు, మంత్రసానుల రిజిస్ట్రేషన్‌కి చట్టం చేసింది. అప్పుడు మనం ఆ ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. అంటే నర్సు పేరు రిజిస్టర్‌లోకి ఎక్కి వందేళ్ళు అవుతోంది. పేరైతే ఎక్కింది. డాక్టర్ లేని చోట ఆ పేరున్న మనిషి సొంతంగా ఏం చేయొచ్చు అన్నది మాత్రం తేలలేదు.

1946లో తీసుకున్న నిర్ణయం

ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, మొత్తం కథకి మలుపు ఇదే. 1943లో బ్రిటిష్ ప్రభుత్వం భోర్ కమిటీ వేసింది. 1946లో రిపోర్ట్ వచ్చింది. అప్పటికి దేశంలో రిజిస్టర్ అయిన డాక్టర్లు 47,524 మంది. అందులో డిగ్రీ వాళ్ళు 17,654. లైసెన్షియేట్లు, అంటే మన ఎల్‌ఎంపీ తరహా వాళ్ళు, 29,870. సగానికి పైగా వాళ్ళే! జనాభాతో పోలిస్తే 6,300 మందికి ఒక డాక్టర్, 43,000 మందికి ఒక నర్సు.

కమిటీ ఏమందంటే, ఇక మీదట దేశంలో ఒకే రకం డాక్టర్ ఉండాలి, పూర్తి డిగ్రీ చదివినవాడు. పట్నానికి మంచి డాక్టర్, పల్లెకి సగం డాక్టర్ అనే పద్ధతి వద్దు. కమిటీలోనే కొందరు ఒప్పుకోలేదు. ఇంత కొరత ఉన్నప్పుడు ఉన్నవాళ్ళని ఆపేస్తే ఎలా అన్నారు. కానీ మెజారిటీ మాటే నెగ్గింది. క్రమంగా మెడికల్ స్కూళ్ళు మూతపడ్డాయి, కొన్ని కాలేజీలయ్యాయి. ఎల్‌ఎంపీ అన్నది పాత బోర్డుల మీద మిగిలింది.

ఆ మెజారిటీ మాటని నేను తేలిగ్గా తీసిపారేయను. కొండ మీద పుట్టిన బిడ్డకి తక్కువ చదివిన వైద్యం ఎందుకు అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ పూర్తి డాక్టర్ ఆ కొండ ఎక్కలేదు. ఖాళీ మిగిలిపోయింది. ఆ ఖాళీలోకి ఇద్దరు వచ్చారు. ఒకరు ఏఎన్ఎం. రెండోవాళ్ళు మనం ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టర్ అని పిలిచేవాళ్ళు.

ఈ ఆర్‌ఎంపీ అన్న మాట తమాషా చూడండి. చట్టంలో ఆర్‌ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే మెడికల్ కౌన్సిల్‌లో పేరున్న డాక్టర్. మన ఊళ్ళో ఆర్‌ఎంపీ అంటే ఏ కౌన్సిల్‌లోనూ పేరు లేని మనిషి! 2000ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వీళ్ళకి వెయ్యి గంటల శిక్షణ ఇచ్చి కమ్యూనిటీ పారామెడిక్స్ అనాలని చూసింది. డాక్టర్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఆ గొడవ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. కానీ ఇవాళ మనం మాట్లాడేది వాళ్ళ గురించి కాదు. నర్సింగ్ చదివి, కౌన్సిల్‌లో పేరుండి, ప్రభుత్వం పోస్టింగ్ ఇస్తే కొండ ఎక్కిన మనిషి గురించి.

చట్టంలో నర్సమ్మ ఎక్కడుంది?

1956 ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం, సెక్షన్ 15. రాష్ట్ర మెడికల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్ళు వైద్యం చేయకూడదు. చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట స్పష్టం చేసింది. మందు రాసే హక్కు విడిగా ఉండదు, వైద్యం చేసే హక్కుతో పాటే వస్తుంది అని. అంటే లెక్క ప్రకారం నర్సమ్మ మందు "రాయకూడదు".

మరి ఇస్తోంది కదా? ఎలా ఇస్తోంది? దీనికి జవాబు మీరు ఊహించని చోట ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ కె అని ఒకటుంది. మందుల అమ్మకం లైసెన్స్ నుంచి ఎవరెవరికి మినహాయింపు ఉందో చెప్పే జాబితా అది. అందులో 23వ అంశం: పీహెచ్‌సీలు, సబ్ సెంటర్లలో పనిచేసే మల్టీపర్పస్ వర్కర్లు, నర్సులు, ఏఎన్ఎంలు, అంగన్‌వాడీ వర్కర్లు ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద మందులు ఇస్తే లైసెన్స్ అక్కర్లేదు. చూశారా? నర్సు వైద్యం చేయగలదా అన్న ప్రశ్నకి అక్కడ జవాబు లేదు. మందుల షాపు లైసెన్స్ లేకుండా మాత్రలు పంచొచ్చా అన్న ప్రశ్నకే జవాబుంది.

తర్వాత 2005లో కేంద్రం ఇంకో అడుగు వేసింది. బాలింతల మరణాలు తగ్గించాలంటే డాక్టర్ కోసం ఆగితే కుదరదని ఏఎన్ఎంలకి కొన్ని ప్రాణాధార మందులు ఇచ్చే అనుమతి ఇచ్చింది. కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మందు. ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు. ఇన్ఫెక్షన్ అనిపిస్తే యాంటీబయాటిక్ మొదటి డోసు. ఆ మొదటి డోసు వేసి పై ఆసుపత్రికి పంపాలి. ఎన్ని ప్రాణాలు నిలబెట్టే నిర్ణయమో డోలీ మోసినవాళ్ళకి తెలుస్తుంది. డోలీలో తల్లిని దింపే ఆ రెండు మూడు గంటల్లో ఆ మొదటి డోసే చావుకీ బతుక్కీ మధ్య తేడా. అయితే ఆ అనుమతి వచ్చింది మార్గదర్శకాల రూపంలో. ఆ అక్క పేరు మీద వచ్చిన లైసెన్స్ కాదు.

అస్సాంలో ఏం జరిగింది?

మార్గదర్శకాలు చాలవు, చట్టమే చేద్దాం అనుకున్న రాష్ట్రాలూ ఉన్నాయి. అస్సాం 2004లో ఒక చట్టం తెచ్చింది. మూడేళ్ళ డిప్లొమా చదివించి, వాళ్ళ పేర్లు నమోదు చేసి, పల్లెల్లో కొన్ని జబ్బులకి వైద్యం చేయనిచ్చింది. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కోర్టుకెళ్ళింది. 2014లో గౌహతి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు ఆ తీర్పుని సమర్థించింది. వైద్య విద్య ప్రమాణాలు కేంద్రం పరిధిలోవి, కేంద్ర చట్టాన్ని దాటి రాష్ట్రం కొత్త రకం డాక్టర్‌ని తయారు చేయలేదు అని.

కానీ అదే తీర్పులో ఇంకో సంగతి ఉంది, వార్తల్లో పెద్దగా రాలేదు. హైకోర్టు తీర్పు తర్వాత అస్సాం 2015లో ఇంకో చట్టం తెచ్చుకుంది. అందులో వీళ్ళని డాక్టర్లకి ప్రత్యామ్నాయంగా చూపించలేదు. కమ్యూనిటీ ఆరోగ్య సిబ్బందిగా రిజిస్టర్ చేసి, వాళ్ళ పని విడిగా చెప్పింది. ఆ రెండో చట్టాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. నాకు అర్థమైన పాఠం ఒకటే. చిన్న డాక్టర్ అంటే చట్టం ఒప్పుకోదు. వేరే ఉద్యోగం, వేరే హద్దు, వేరే రిజిస్టర్ అంటే ఒప్పుకుంటుంది.

ఇవాళ్టి విలేజ్ క్లినిక్

2018 ఏప్రిల్ 14న ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా జాంగ్లాలో దేశంలో మొదటి హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ మొదలైంది. మన రాష్ట్రాల సరిహద్దుకి అవతల ఉన్న అడవి జిల్లా అది. లక్షన్నర సబ్ సెంటర్లు, పీహెచ్‌సీలని ఇలా మార్చాలన్నది లక్ష్యం. సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంకి తోడు కొత్తగా ఒక కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్. మన దగ్గర వీళ్ళని ఎంఎల్‌హెచ్‌పీ అంటున్నారు. ఎక్కువగా బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు, ఆపైన కమ్యూనిటీ హెల్త్‌లో శిక్షణ. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు పదివేల పైచిలుకు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి పెట్టాక, పీహెచ్‌సీ డాక్టర్ 104 వాహనంతో నెలలో రెండుసార్లు ఊరికి రావాలన్నది లెక్క. మా మండలంలో రాజేంద్రపాలెం, డౌనూరు లాంటి పీహెచ్‌సీల కింద ఉండే క్లినిక్‌లు కూడా ఈ వరసలోవే.

రూల్ ప్రకారం మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతంలో 3,000 మందికి ఒక సబ్ సెంటర్. బీపీ, షుగర్ ఉన్నవాళ్ళకి మొదట డాక్టర్ మందు మొదలుపెడతారు. తర్వాత నెలనెలా చూసి అదే మందు ఇచ్చేది ఎంఎల్‌హెచ్‌పీ. తేడా వస్తే డాక్టర్‌కి చూపించాలి. ఈ ఏర్పాటు ఎలా ఉంది? అచ్చం జార్జియా అక్క అగ్రిమెంట్‌లాగే ఉంది! డాక్టర్ ఉన్నారు, నర్సు ఉంది, హద్దు ఉంది. లేనిది ఒక్కటే. ఫలానా డాక్టర్, ఫలానా నర్సు అని ఇద్దరి పేర్లతో, ఇద్దరి సంతకాలతో, కౌన్సిల్‌లో నమోదైన కాగితం.

దానికి దగ్గరగా వచ్చింది ఫోన్ వైద్యం. 2019 నవంబర్‌లో ఈ-సంజీవని మొదలైంది, క్లినిక్ నుంచి డాక్టర్‌కి వీడియో కాల్ చేసే పద్ధతిని మొదట అమలు చేసింది మన ఆంధ్రప్రదేశే. 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. నర్సు, ఏఎన్ఎం, ఎంఎల్‌హెచ్‌పీ లాంటి ఆరోగ్య కార్యకర్త రోగి పక్కన ఉండి డాక్టర్‌తో మాట్లాడించడం అనే సందర్భాన్ని అందులో విడిగా రాశారు. అక్కడ డాక్టర్ పేరుతో చీటీ వస్తుంది, రికార్డు ఉంటుంది. చాలా మంచి మార్పు. కాకపోతే మా కొండల్లో సిగ్నల్ గురించి నేను చెప్పక్కర్లేదు. సిగ్నల్ ఉన్నప్పుడు ఆ మందుకి డాక్టర్ సంతకం ఉంటుంది. సిగ్నల్ పోయిన రాత్రి అదే అమ్మాయి, అదే జబ్బు, అదే మాత్ర. సంతకం లేదు.

2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో సెక్షన్ 32 అని ఒకటి పెట్టారు. కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్ అనే పేరుతో పరిమిత లైసెన్స్ ఇవ్వొచ్చు. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్దేశించిన మందులు సొంతంగా రాయొచ్చు, మిగతావి డాక్టర్ పర్యవేక్షణలోనే. వీళ్ళ సంఖ్య మొత్తం డాక్టర్లలో మూడో వంతు దాటకూడదు. ఆ బిల్లు మీద 2019 జూలై, ఆగస్టుల్లో దేశమంతా డాక్టర్లు సమ్మె చేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. మరి ఇవాళ మన విలేజ్ క్లినిక్‌లో కూర్చున్న అమ్మాయి ఆ సెక్షన్ కింద లైసెన్స్ తీసుకున్న మనిషా? కాదు. ఆమె హెల్త్ మిషన్ మార్గదర్శకాల కింద పనిచేసే ఉద్యోగి. అదే చట్టంలో సెక్షన్ 34 అనర్హులు వైద్యం చేస్తే పడే శిక్ష గురించి. ఏడాది దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పాత చట్టంలో వెయ్యి రూపాయలు, కొత్త చట్టంలో 5 లక్షలు. శిక్ష పెరిగినంత స్పష్టంగా అనుమతి పెరగలేదు.

అయితే అమెరికా పద్ధతి తెచ్చేద్దామా?

తొందరపడకండి. అక్కడ కూడా ఆ కాగితంతో తలనొప్పులున్నాయి. కొన్ని చోట్ల డాక్టర్ ఎప్పుడూ క్లినిక్ ముఖం చూడకుండానే, కేవలం సంతకం పెట్టినందుకు నర్సు దగ్గర నెలనెలా ఫీజు తీసుకుంటారు. డాక్టర్ రిటైరైతే, లేదా ఊరు మారితే, కొత్త సంతకం దొరికేదాకా క్లినిక్ ఆగిపోతుంది. అది కూడా ఎక్కువగా పల్లెల్లోనే. టోల్ గేట్ లాంటిదన్నమాట. అందుకే ఇప్పుడు అక్కడ సగానికి పైగా రాష్ట్రాలు, కొన్ని చోట్ల కొంత అనుభవం వచ్చాక, అగ్రిమెంట్ లేకుండానే నర్స్ ప్రాక్టీషనర్లని పనిచేయనిస్తున్నాయి. మనం దిగుమతి చేసుకుంటే ఆ టోల్ గేట్ కూడా దిగుమతి అవుతుంది.

ఇంకో తేడా ఉంది. అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ మాస్టర్స్ స్థాయి చదువు పూర్తి చేసిన మనిషి. మన దగ్గర ఆ స్థాయి చదువు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ పీజీ కోర్సు పెట్టింది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చి 18 నెలల శిక్షణ అంది. తెలంగాణ అంతకు ముందే, 2017లో, కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకి మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. 2023లో పాత నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. అంటే నేల సిద్ధమవుతోంది.

నా అభిప్రాయం చెప్పేస్తాను, ఒప్పుకోకపోతే మీ ఇష్టం. మనకి కావాల్సింది డాక్టర్‌కీ నర్సుకీ మధ్య ప్రైవేటు బేరం కాదు. ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులే కాబట్టి ఆ ఒప్పందం ప్రభుత్వమే రాసి ఇవ్వాలి. ఒక్కో క్లినిక్‌కి ఒక కాగితం. ఈ క్లినిక్‌లో ఫలానా ఎంఎల్‌హెచ్‌పీ, ఫలానా పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ కింద, ఈ జాబితాలో మందులు ఇస్తుంది. ఈ లక్షణాలు కనిపిస్తే డాక్టర్‌కి చెప్తుంది. డాక్టర్ అందకపోతే ఈ మొదటి డోసు ఇచ్చి పంపిస్తుంది. అలా చేసినందుకు ఆమె మీద నింద రాదు, బాధ్యత ప్రభుత్వానిది. రెండు సంతకాలు, ఒక రిజిస్టర్ నంబర్. డాక్టర్ మారితే కాగితం ఆగిపోకుండా ఆ పోస్టులోకి వచ్చిన కొత్త డాక్టర్ పేరు ఎక్కాలి. ఇందులో ఇప్పుడు జరగని పని ఒక్కటీ లేదు. జరుగుతున్నదే కాగితం మీదకి రావాలి.

దీనివల్ల లాభం నర్సమ్మకి మాత్రమే అనుకోకండి. హద్దు రాసి ఉంటే, హద్దు దాటినప్పుడు అడిగే హక్కు రోగికి కూడా వస్తుంది. ఇది నీ జాబితాలో లేదు కదమ్మా, డాక్టర్ గారికి ఎందుకు చూపించలేదు అని ఆ తల్లి అడగొచ్చు. పల్లెకి సగం వైద్యం వద్దన్న భోర్ కమిటీ భయానికి కూడా సరైన జవాబు ఇదేనని నాకనిపిస్తుంది. ఆ సగాన్ని చీకట్లో ఉంచకుండా, ఎక్కడి దాకా నర్సు, ఎక్కణ్ణుంచి డాక్టర్ అని గీత గీసి చూపించడం.

నా ఫ్రెండ్ చెల్లెలు ఒకమ్మాయి కొండ మీద క్లినిక్‌లో చేస్తోంది. ఏ ఊరో చెప్పను. ఈ ఎపిసోడ్ కోసం ఆ అమ్మాయితో మాట్లాడాను. జీతం గురించో, రోడ్డు గురించో చెప్తుందనుకున్నాను. ఆ అమ్మాయి చెప్పింది ఒక నోట్‌బుక్ గురించి. డాక్టర్ గారికి ఫోన్ చేసిన ప్రతిసారీ తేదీ, టైమ్, రోగి పరిస్థితి, ఆయన ఏమన్నారు, ఇవన్నీ తన సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటోంది. ఎవరూ చెప్పలేదు, తనకి తానే. ఫోన్ కలవకపోతే కలవలేదని కూడా రాస్తుంది.

ఈ వీడియో చూస్తున్న ఏఎన్ఎం, ఎంఎల్‌హెచ్‌పీ అక్కచెల్లెళ్ళకి నాదొక మాట. మీ పోస్టింగ్ ఆర్డర్, మీ క్లినిక్ మందుల జాబితా, మీకిచ్చిన చికిత్స మార్గదర్శకాలు, ఈ మూడింటి కాపీలు మీ దగ్గర పెట్టుకోండి. ఈ-సంజీవని కన్సల్టేషన్ నంబర్ రిజిస్టర్‌లో ఎక్కించండి. మీకు ఫోన్‌లో చెప్పిన సలహా ఆ రోజే రాసుకుని, డాక్టర్ గారు ఊరికి వచ్చినప్పుడు దాని పక్కన సంతకం అడగండి. అడగడంలో తప్పేం లేదు, మంచి డాక్టర్ ఎవరూ కాదనరు.

జార్జియా అక్కకి, మీ ప్రశ్నకి థాంక్స్ అండి. మీ దగ్గర ఆ కాగితం బోర్డు ఆఫీసులో ఉంది. మా దగ్గర ప్రస్తుతానికి ఒక అమ్మాయి నోట్‌బుక్‌లో ఉంది.